రాకెట్‌కి రెండు ప్రతులు

ఈ సంగతి నాకెలా తెలిసిందో ముందుగా మనవి చేయడం న్యాయం. చెప్పినవాడు హరినాథ్, మా ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ చూసే ఇంజనీరు. అతను చెప్పే వేళకు అది కాలేజీలో అందరికీ తెలిసే ఉందట. అందరికన్నా ఆఖరున తెలుసుకున్నవాణ్ణి నేను, అనగా డైరెక్టరును. పైగా విచారణాధికారిని కూడా నేనే!

మా కాలేజీ నాయుడుపేట దగ్గర. మొన్న వేసవిలో నెట్‌వర్క్ నిఘా కోసం ఒక సర్వర్ కొన్నాం. లోపలికి వచ్చేది, బయటికి పోయేది మొత్తం అది రాసిపెట్టుకుంటుంది. డిస్కు నిండితే పాతది చెరిపి కొత్తది రాస్తుంది. ముప్పై రోజుల రికార్డు నిలవాలి. అందుకు ఎంత డిస్కు కావాలో లెక్క నేనే స్వయంగా కట్టాను. రోజుకు ఎంత డేటా పోతుందో వారం పాటు కొలిపించాను. అది వేసవి సెలవుల వారం. అప్పుడు నెట్‌వర్క్ వాడినవాళ్లం నేనూ, వాచ్‌మనూ.

"పిల్లోళ్లు వచ్చినాక ఇది చాలదు సార్. ఇంకో నాలుగు డిస్కులు కావల్ల," అని హరినాథ్ నసిగాడు.

"ఉన్నవాటినే జోడీ చెయ్యి నాయనా, ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ రాసేట్టు. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది. ముఖ్యం భద్రత, పరిమాణం కాదు," అన్నాను. ఆ వాక్యం నాకెంతో నచ్చి మినిట్స్‌లో కూడా రాయించాను.

కాలేజీ తెరిచిన కొన్నాళ్లకు పదకొండుమంది విద్యార్థుల ఇంటర్నల్ మార్కులు ఉన్నట్టుండి తగ్గిపోయాయి. మార్పు జరిగింది ఎగ్జామ్ సెక్షన్ గుమాస్తా సుగుణ లాగిన్‌తో. నగరి మగ్గాలవాళ్ల అమ్మాయి, కాంట్రాక్టు ఉద్యోగం, ఆ నెలాఖరుకే రెన్యువల్. మెమో ఇచ్చాను.

ఆమె ఏడవలేదు. "నేను చేయలేదు సార్. ఆ పొద్దు మార్చింది ఏ కంప్యూటరు నుంచో రికార్డు తీసి చూడండి, చాలు."

"తప్పకుండా చూస్తాం. రెండేసి కాపీలు ఉన్నాయమ్మా!" అని అభయమిచ్చాను.

తెరిస్తే ఆ రోజు రికార్డే లేదు! అప్పటికి గడిచింది పన్నెండు రోజులే.

"ఎక్కడికి పోయిందప్పా?"

"రాకెట్ మింగేసింది సార్," అన్నాడు హరినాథ్.

మూడు రోజుల ముందు శ్రీహరికోటలో ప్రయోగం జరిగింది. విద్యార్థులందరూ దాన్ని తప్పనిసరిగా లైవ్‌లో చూడాలని సర్క్యులర్ ఇచ్చింది నేనే. హాస్టల్‌లో ఒక్కో ఫోనూ విడివిడిగా చూసింది. సర్వర్ ఒక్కోదాన్నీ విడివిడిగా రాసుకుంది. చోటు చాలక పాతవన్నీ చెరిపింది. ఇప్పుడు మా డిస్కుల నిండా రాకెట్టే, రెండేసి ప్రతుల్లో, అత్యంత భద్రంగా!

"మిద్దెక్కితే కంటికే కనపడేదానికి లైవ్ ఏల సార్..." అని హరినాథ్ గోడకు చెప్పినట్టు అన్నాడు.

సుగుణను పిలిచి, "తగిన ఆధారాలు లేవని రాసి ముగించేద్దాం," అన్నాను, మిక్కిలి ఉదారంగా.

"అట్ల రాస్తే దొంగ దొరకలేదంతే అనుకుంటారు సార్. చేయలేదని రాయండి. లేదంటే నన్ను తీసేయండి."

మర్నాడు హరినాథ్ నా గదికి వచ్చి తలుపు మూశాడు. లైబ్రరీలో మూలపడిన పాత కంప్యూటరు డిస్కు ఒకటి తెచ్చి, ఏ కంప్యూటరు ఏ వేళకు దేనితో మాట్లాడిందో అంతవరకే రాసే చిన్న చిట్టా దాంట్లో పెట్టుకున్నాడట, నాకు చెప్పకుండా. దానికి జోడీ లేదు, ఏమీ లేదు. అది మాత్రం నిక్షేపంగా ఉంది.

"ఆ టైములో మార్కుల సర్వర్‌తో మాట్లాడింది ఒకటే కంప్యూటరు సార్..." అని నీళ్లు నమిలాడు.

"ఎవరిదో చెప్పు! ఎంతటివాడైనా ఉపేక్షించను!"

"మీదే సార్."

నా పాస్‌వర్డ్ మరిచిపోయి సుగుణది అడిగి తీసుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"నేను చూశానంతే! ఒక్క అంకె కూడా కొట్టలేదే!"

"ఒక్కో గడి మీద క్లిక్ చేసి, మౌస్ చక్రం తిప్పినారా సార్?"

"తిప్పకుండా కిందికి ఎలా చూస్తారు?"

"అట్ల తిప్పితే గడిలో అంకె తగ్గిపోతాది సార్. కడాకు సేవ్ నొక్కినారా?"

"ఏ పేజీనైనా సేవ్ చేయకుండా మూసే అలవాటు నాకు లేదు," అన్నాను గంభీరంగా. అన్నాక అర్థమైంది.

"ఈ అనుమానం మొదటి రోజే చెప్పలేదేం?"

"విచారణ చేసేది మీరు గదా సార్!"

ఆ పదకొండుమందికీ మార్కులు తిరిగి వచ్చాయి. హరినాథ్‌కు అడిగినదానికన్నా రెండు డిస్కులు ఎక్కువే మంజూరయ్యాయి. ఈసారి లెక్క అతనే కట్టాడు, హాస్టల్ కిటకిటలాడే రోజు చూసి. సుగుణ చేయలేదని, చేసింది ఫలానా వారని, క్షమాపణతో సహా రాసి సంతకం పెట్టాను. ఆమెకు రెన్యువల్ వచ్చింది. పాస్‌వర్డ్ మాత్రం ఆ క్షణమే మార్చేసింది.

ఇక నేను. ఇప్పుడు మార్కులు చూడాలంటే నాకు ప్రింటవుట్లు వస్తాయి. సుగుణే స్వయంగా తెస్తుంది. కాగితాలు నా ముందు పెట్టి, బల్ల మీది పెన్ను తీసి తన చేతిలో పట్టుకుని నిలబడుతుంది.

"చదవండి సార్," అంటుంది.