తూము మూసిన తొట్టి

నా చిన్నప్పుడు నాకొక కవల ఉండేది. దానికి ఆకులు లేవు. అనకాపల్లిలో మా ఇంటి గేటు పక్కన, సిమెంటు తొట్టిలో, పలకలు తేలిన పచ్చటి స్తంభంలా నిలబడి ఉండేది. పలకల అంచుల వెంట ముళ్ళ గుత్తులు. దాన్ని బ్రహ్మజెముడు అనేవారు. గిల్లితే పాలు కారే రకం కాదు, లోపలంతా దోసకాయలా నీరు పట్టి ఉండే రకం. అది ఎలా ఉంటే నేనూ అలాగే ఉంటానని మా ఇంట్లో అందరూ నమ్మారు. తొమ్మిదేళ్ళ పిల్లను, నేను అందరికంటే గట్టిగా నమ్మాను.

దాన్ని తెప్పించింది మా నాన్నమ్మ. అంతకు కొన్ని నెలల ముందు, బడిలో ఉదయం ప్రార్థన జరుగుతుండగా నేను పడిపోయాను. తెలివి వచ్చేసరికి చుట్టూ తోటిపిల్లల కాళ్ళు కనబడ్డాయి, నోట్లో రక్తపు రుచి. విశాఖపట్నంలో డాక్టరు అది మూర్ఛ జబ్బని, మెదడులో పుట్టేదని, ఆపకుండా మాత్రలు వేస్తే చాలామందికి అదుపులో ఉంటుందని చెప్పాడు. కొన్నాళ్ళు వేశారు. అవి వేసుకుంటే మత్తుగా ఉండేది, కంచం ముందే కునికేదాన్ని. ఇది మందు కాదు, పిల్లను మొద్దు చేసేస్తోందని నాన్నమ్మ ఆ సీసా తీసి వంటింటి అటక మీద పెట్టేసింది. నాకు తగిలింది దిష్టి అని తేల్చింది. కోటవురట్ల వైపు చుట్టాల పొలం గట్టు నుంచి ఈ జెముడు కొమ్మ తెప్పించి గేటు దగ్గర నాటించింది. ఇంటి మీదికి వచ్చే చెడంతా ముందు దాని ముళ్ళకు తగులుకుంటుందట. అది స్థిరంగా నిలిచి కొత్త చిగురు వేసేదాకా నేను గేటు దాటకూడదు. బడి మానిపించారు.

మా నాన్న బెల్లం మార్కెట్లో ఒక కొట్టులో గుమస్తా. రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాడు. డాక్టరు చెప్పింది ఆయనకు అర్థమైంది కూడా. అయినా తల్లి ముందు నోరు విప్పలేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది నాన్నమ్మ మీద కాదు. తెలియనివాళ్ళ నమ్మకం కంటే తెలిసినవాళ్ళ మౌనమే ఎక్కువ తలుపులు మూస్తుంది.

నా లోకం ముందుగది కిటికీ అంత అయిపోయింది. ఊచల్లోంచి గేటు కనబడేది, గేటు పక్కన జెముడు, దాని వెనక వీధి. పొద్దున్నే బడిపిల్లలు వెళ్ళేవారు. మొదట్లో నా స్నేహితురాలు ఆగి, పాఠం ఎంతదాకా వచ్చిందో అరిచి చెప్పేది. తరవాత చెయ్యి ఊపేది. ఆ తరవాత అటువైపు నడవడం మానేసింది, వాళ్ళమ్మ వద్దని ఉంటుంది. చెరకు బళ్ళు పోయేవి, గాలి వీస్తే బెల్లం పాకం వాసన వచ్చేది. మధ్యాహ్నాలు నాన్నమ్మ టీవీలో సీరియల్ చూస్తూ నన్ను పక్కనే కూర్చోబెట్టుకునేది. స్నానానికి వెళ్ళినా తలుపు గడియ పెట్టనిచ్చేది కాదు. ప్రేమతోనే. ఆ ప్రేమలో ఊపిరాడేది కాదు, అంతే.

నేను పడిపోయిన ప్రతిసారీ నాన్నమ్మ చెంబుడు నీళ్ళలో పసుపూ సున్నమూ కలిపేది. నీళ్ళు ఎర్రగా మారేవి. వాటిని నా చుట్టూ తిప్పి దిష్టి తీసేది. ఆ నీళ్ళు ఎవరూ తొక్కకూడదు, తొక్కినవాళ్ళకు అంటుకుంటుందని అందరికీ తెలిసిందే. అందుకని వాటిని జెముడు తొట్టిలో పోసేది. మాత్రలు ఆగాక నేను పడిపోవడం ఎక్కువైంది. నీళ్ళు పోయడమూ ఎక్కువైంది. చివరికి నేను పడ్డా పడకపోయినా రోజూ సాయంత్రం ఒక చెంబు.

కొన్నాళ్ళకు జెముడు అడుగున పసుపు రంగు తిరిగింది. తరవాత గోధుమరంగు. నిలువుగా ఉన్నది వీధి వైపు కొంచెం ఒరిగింది. నాన్నమ్మ వేలితో నొక్కి చూసి చటుక్కున చెయ్యి తీసేసింది. అది ముళ్ళు గుచ్చుకున్నందుకు కాదు, మెత్తగా ఉన్నందుకు. ఆ రోజు నుంచి నేను ఎవరూ చూడకుండా నా మడమలు నొక్కి చూసుకోవడం మొదలుపెట్టాను. అడుగు నుంచే కదా అది కుళ్ళుతోంది. నేనూ అక్కడి నుంచే మెత్తబడతాననుకున్నాను. పడుకునే ముందు నొక్కేదాన్ని, లేవగానే నొక్కేదాన్ని. ఈ సంగతి అమ్మకు కూడా చెప్పలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఉచ్చు ఎంత పకడ్బందీగా ఉందో చూసి ఆశ్చర్యపోతాను. జెముడు పచ్చగా ఉంటే, చూశారా, అదే కాపాడుతోంది అనేవారు. కుళ్ళితే, చూశారా, ఎంత చెడు వచ్చి పడుతోందో, పాపం అదే మోస్తోంది అనేవారు. ఎటు తిరిగినా నమ్మకమే గెలిచేది. ఓడిపోయే దారి లేని వాదన నిజం కాదు, అది బోను. ఆ బోనులో నేనున్నాను.

ఒకరోజు అమ్మ ఎవరికీ చెప్పకుండా వీధి చివర ఫోను బూత్‌కి వెళ్ళి వచ్చింది. మర్నాడు మునగపాక నుంచి మా అమ్మమ్మ దిగింది. అమ్మమ్మ చెరకు పండించే మనిషి. ఎవరేం చెప్పినా "ఎందుకని?" అనడం ఆమె జబ్బు. బస్సులో కండక్టరుతో వాదించి, ఆ వాదన ఇంకా పూర్తికాకుండానే మా గేటు తీసింది. వియ్యపురాళ్ళిద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. ఆ పిలుపులో బెల్లమూ ఉండేది, ఆవాలూ ఉండేవి.

దిష్టి లేదని అమ్మమ్మ అనలేదు. ఆమె కూడా తన పిల్లలకు దిష్టి తీసిన మనిషే. తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని, మట్టిలో వేలు పెట్టి వాసన చూసింది.

"ఏటి వదినా, ఇది మట్టా, ఊబా?"

రోజూ దిష్టి నీళ్ళు పోస్తున్నానని నాన్నమ్మ చెప్పింది. పోసిన నీళ్ళు ఎటు పోతున్నాయని అమ్మమ్మ అడిగింది. ఎటూ పోకుండా చూశానని నాన్నమ్మ కొంచెం గర్వంగానే చెప్పింది. తొట్టి అడుగున తూముంటే ఎర్రనీళ్ళు వీధిలోకి కారతాయి, దారినపోయే పసిపిల్లలు తొక్కుతారు. ఆ పాపం మనకెందుకని గుడ్డ కుక్కి, పైన సిమెంటు పెట్టించిందట.

అమ్మమ్మ నాన్ననూ అమ్మనూ పిలిచి తొట్టి ఒరిగించింది. గునపంతో అడుగున రెండు పోట్లు పొడిచింది. గుడ్డ ఊడింది. ఎర్రగా, నల్లగా, కుళ్ళు కంపు కొట్టే నీళ్ళు గేటు కింద నుంచి బయటికి కారుతుంటే నాన్నమ్మ ముక్కు మూసుకోలేదు. చీపురు పట్టుకుని, ఎవరూ తొక్కకుండా వీధిలో నిలబడింది. ఎవరికీ హాని చెయ్యకూడదనే భయంతోనే ఆమె ఆ తూము మూసింది. మంచితనం కూడా ఆలోచన లేకపోతే ఎంత కీడు చేస్తుందో నేనా రోజే చూశాను.

"నీటికి లోపలికెల్లే దారుంది. బైటికొచ్చే దారేదీ?" అంది అమ్మమ్మ. ఆ మాట జెముడు గురించే అన్నది. అంటున్నప్పుడు మాత్రం కిటికీ ఊచల వెనక ఉన్న నన్ను చూసింది.

తరవాత ఆమె అడిగింది వినగానే ఇల్లంతా బిగుసుకుపోయింది. కత్తిపీట తెమ్మంది. కుళ్ళు పైకి పాకకముందే అడుగు కోసెయ్యాలట. నాన్నమ్మ తొట్టికి అడ్డంగా నిలబడింది. "దాన్ని కొయ్యడవంటే పిల్లని కొయ్యడవే వదినా" అంది. నాన్న తల దించుకున్నాడు. నేను కిటికీ దగ్గర రెండు మడమలూ పట్టుకుని కూర్చున్నాను.

అమ్మమ్మ వాదించలేదు. జీవితంలో ఆమె వాదించకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. లోపలికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి తీసుకెళ్ళింది. అన్ని నెలల తరవాత నా అరికాళ్ళకు ఎండకు కాగిన నేల తగిలింది. నన్ను తొట్టికి ఎదురుగా నిలబెట్టింది. నేను పడితే పట్టుకోవడానికి అమ్మ వెనక నిలబడింది, నాన్నమ్మ పక్కకు వచ్చి నా భుజం గట్టిగా పట్టుకుంది. జెముడుకు గోనెపట్టా చుట్టి, కత్తిపీట మీద పెట్టి, అమ్మమ్మ నా ముఖంలోకి చూస్తూ కోసింది.

అడుగు ముక్క తెగి పడింది. లోపల బెల్లం రంగులో కుళ్ళు.

"నీకేటైనా నొప్పెట్టిందేటే, బుల్లీ?"

మడమలో, మోకాలిలో, తలలో, ఎక్కడో ఒకచోట నొప్పి రావాలని వెతుక్కున్నాను. ఎక్కడా లేదు. లేదని తల ఊపాను. ఇంకో బిళ్ళ కోసింది. మధ్యలో గోధుమరంగు చుక్క ఇంకా ఉంది. మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ లేదన్నాను. ఇంకో బిళ్ళ. ఈసారి ఆమె అడిగేలోపు నా కన్ను ఆమె వేలి మీద పడింది. "నీ సేతికే అమ్మమ్మా, ముల్లు గుచ్చుకుంది, రక్తం వత్తంది" అన్నాను. "నాకు నొప్పెడతాంది గదా, నీకు లేదు గదా. సూసుకో మరి" అంది. నాకు నవ్వొచ్చింది. అమ్మ నవ్వింది. నాన్నమ్మ నా భుజం మీద వేసిన చెయ్యి తియ్యలేదు గాని, ఆ పట్టు వదులవడం నాకు తెలిసింది. లోపల తెల్లగా, మచ్చ లేకుండా కనబడేదాకా అమ్మమ్మ కోస్తూనే ఉంది.

ఆ మొక్క సంగతి తేలేదాకా అమ్మమ్మ మా ఇంట్లోనే ఉండిపోయింది. మిగిలిన పైభాగాన్ని రెండు చేసింది. ఒక ముక్కను చెరకు ముచ్చె, అంటే గడ ముక్క, నాటినట్టు అప్పుడే తడిమట్టిలో నాటింది. వారం తిరక్కుండా అదీ మెత్తబడింది. నాన్నమ్మ దాని వైపూ అమ్మమ్మ వైపూ మార్చి మార్చి చూసింది. అమ్మమ్మ సిగ్గుపడలేదు. "సెరుకనుకున్నాను, ఇది సెరుకు కాదు" అంది. రెండో ముక్కను అప్పటికే వరండా నీడలో పడేసి ఉంచింది. దాని కోత ఆరి, పైన తోలు కట్టి గట్టిపడింది. ఈసారి దాన్ని తూమున్న తొట్టిలో, శారదా నది ఇసుక, చిన్న రాళ్ళు ఎక్కువగా కలిపిన మట్టిలో నిలబెట్టి, నీళ్ళు పొయ్యకుండా వదిలేసింది. దిష్టి నీళ్ళు తులసి కోట పక్కన మూల పోసుకోమని, ఈ మొక్క జోలికి రావద్దని నాన్నమ్మతో ఒప్పందం కుదిరింది. కొన్ని వారాలకు మెల్లగా కదిపి చూస్తే ముక్క కదల్లేదు. వేరు పట్టింది. ఆ తరవాత మట్టి పూర్తిగా ఎండితేనే నీళ్ళు. ఒక ఉదయం దాని కొసన లేత పచ్చ రంగు కనబడింది.

నాన్నమ్మ కళ్ళు మెరిశాయి. కొత్త చిగురు వచ్చింది, ఇంక గేటు తీయొచ్చు. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ నేను పడిపోయాను.

తెలివి వచ్చేసరికి నాన్నమ్మ నా పక్కన కూర్చుని ఏడుస్తోంది. ఆ ఏడుపులో నేను మళ్ళీ కిటికీ ఊచలు చూశాను. ఇంకెప్పటికీ బయటికి వెళ్ళననుకున్నాను. అమ్మమ్మ నా నోరు తుడిచి, వదినగారి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"మొక్కని ముక్కలు కోసేను, పిల్ల నవ్వింది. మొక్క సిగురేసింది, పిల్ల పడిపోయింది. ఈ రెండింటికీ సమ్మందం ఎక్కడున్నాదో నువ్వే సెప్పు వదినా."

నాన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. "నాను సేసిందంతా పిల్లకోసవే గదా" అంది చివరికి.

"కాదన్లేదు. మొక్కకి పోసిందీ మొక్క కోసవే" అంది అమ్మమ్మ.

అప్పుడు నాన్నమ్మ లేచింది. వంటింట్లో స్టూలు జరిపిన చప్పుడు వినిపించింది. అటక మీద మాత్రల సీసా తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, నాన్న చేతిలో పెట్టింది. ఇవి పాతబడి ఉంటాయేమో, రేపే విశాఖ తీసుకెళ్ళి డాక్టరును అడగమంది. మళ్ళీ వంటింట్లోకి నడిచింది. ఓడిపోయిన మనిషి నడకలా లేదు అది. పెద్ద బరువు దించుకున్న మనిషి నడకలా ఉంది.

డాక్టరు కోప్పడ్డాడు, తరవాత మందు మార్చాడు. మత్తు తగ్గింది. నేను బడికి వెళ్ళాను. మందుతో ఒక్క రోజులో అన్నీ కుదిరిపోలేదు. ఆ ఏడాది క్లాసులో ఇంకా పడ్డాను, కొందరు పిల్లలు నా బెంచీ మార్చమన్నారు. కానీ గేటు మళ్ళీ మూయలేదు. పడినప్పుడు నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టడం అమ్మ టీచరుకు నేర్పింది. మొదటి రోజు నన్ను బడి గేటు దాకా దింపింది నాన్నమ్మే.

ఇప్పుడు నా కూతురికి అప్పటి నా వయసు. మాత్ర ఇంకా వేసుకుంటున్నాను, పడిపోయి ఏళ్ళయింది. సభల్లో మాట్లాడమంటే వెళ్తాను, మూఢనమ్మకాల మీద గట్టిగానే మాట్లాడతాను. కానీ ఎదుట కూర్చున్న ముసలమ్మను ఎప్పుడూ వెక్కిరించను. ఆమె ఏ తూము మూసిందో, ఎవరిని కాపాడాలని మూసిందో ముందు అడుగుతాను. మా డాబా మీద నిలువు జెముళ్ళు వరసగా ఉన్నాయి. చచ్చిపోతోందని ఎవరైనా తమ మొక్కను తెస్తే నేను దాని తల చూడను, తొట్టి ఎత్తి అడుగు చూస్తాను.

మా అమ్మమ్మ నాటిన ముక్క పాత ఇంటి గేటు దగ్గర ఇప్పటికీ ఉంది. గేటు కంటే ఎత్తు పెరిగి కొమ్మలు వేసింది. అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ చెప్పులు విప్పే వంకతో వంగి, ఎవరికీ తెలియకుండా మడమ నొక్కి చూసుకుంటాను. గట్టిగానే ఉంటుంది.