రీలు కడిగిన నీళ్ళు

మా ఇంట్లో నీళ్ళకడవ పక్కన ఇంకో చిన్న కడవ ఉండేది. దాన్ని సగం దాకా తడి ఇసుకలో పూడ్చి, మూతికి గుడ్డ కట్టి పెట్టినాను. చూసినవాళ్ళంతా ఊరగాయ అనుకునేవాళ్ళు. దాంట్లో ఉండేది ఫొటోల రీళ్ళు.

మా ఇంటాయన కళ్యాణదుర్గంలో చిన్న ఫొటో స్టూడియో నడిపినాడు. ఆయన పోయినాక కొడుకు చూసుకుంటున్నాడు. వాడు డిజిటల్ కెమెరా తెచ్చుకున్నప్పుడు, మిగిలిపోయిన రీళ్ళన్నీ ఒక అట్టపెట్టెలో వేసి, తేదీ దాటినాయని పారేయబోయినాడు. నేను పడనీయలేదు. నేను చదివింది మూడో తరగతి. తేదీ చదవడం వచ్చు గానీ, తేదీ దాటిందని మంచి వస్తువును పెంటలో వేయడం రాదు. రీలుకు ఎండే శత్రువని మా ఇంటాయన చెప్పేవాడు. కాబట్టి చల్లగా పెట్టినాను, ఆయన పాత కెమెరా కూడా నా పెట్టెలోనే దాచుకున్నాను. ఊరికి పోయేటప్పుడు ఒక రీలు పెట్టుకొని పోతాంటి. బస్సులో రీలు డబ్బాను వక్కాకు తిత్తిలో, తడి తమలపాకుల మధ్య దోపుకునేదాన్ని. చుట్టాలు నవ్వుతాండ్రి. ముసల్దానికి ఫొటోల పిచ్చి అని. నాకు పిచ్చేమీ లేదు. ఉన్నదాన్ని వాడకుండా పారేస్తే మనసు ఒప్పదు, అంతే.

తీసిన రీలును కడిగించాలి. స్టూడియోల్లో అదే మాట, కడగడం. నలుపు తెలుపు కాలంలో మా ఇంటాయన చీకటి గదిలో తానే మందునీళ్ళలో కడిగేవాడు, తలుపు బయట బిందెలతో నిలబడి నీళ్ళు అందించింది నేను. కలరు వచ్చినాక రీళ్ళు పొద్దున బస్సులో అనంతపురం ల్యాబుకు పోయేవి. ఇంజను మీద పెట్టొద్దని కండక్టరుకు రోజూ చెప్పి పంపేవాళ్ళం. కొడుకు డిజిటల్ పెట్టినాక ఆ బస్సు పని కూడా నిలిచిపోయింది. నా రీలు ఒక్కటి ఉంటే నేనే బస్సెక్కి పోయి ల్యాబులో ఇచ్చి వచ్చేదాన్ని.

డిజిటల్ మీద నాకు కోపం లేదు. కోపమంతా మా అన్నకు. దానికి కారణం ఆయన మనవరాలి పెండ్లి ఆల్బం. అది మా కొడుకే చేసినాడు. పెండ్లి జరిగింది తాడిపత్రిలో, ఎండాకాలం, ట్యాంకరు నీళ్ళతో. ఆల్బంలో చూస్తే పెండ్లికూతురు, పెండ్లికొడుకు ఇద్దరూ పెద్ద జలపాతం ముందర నిలబడి ఉన్నారు. అన్న ఆ పుట మీద వేలు పెట్టి ఇది యాడప్పా అని అడిగినాడు. కంప్యూటర్లో పెట్టినా మామా అన్నాడు మా కొడుకు. నీళ్ళు కూడా పెడతారా అంటే, ఏమన్నా పెట్టొచ్చు మామా అని గొప్పగా చెప్పినాడు. ఆ రోజు నుంచి అన్న కంప్యూటరు ఫొటో దేన్నీ నమ్మలేదు. నీళ్ళు ఉండే ఫొటోను అయితే అసలే నమ్మలేదు.

నీళ్ళ మాట ఆయనకు ఎందుకంత పట్టింపో చెప్పాలి. చెరువు నిండినాక మిగిలిన నీళ్ళు పొర్లిపోయేందుకు కట్ట చివర కట్టే రాతి గోడను మా పక్క మరువ అంటాము. మరువ గట్టిగా లేకపోతే కట్ట తెగుతుంది, చెరువే ఉండదు. మా పుట్టింటి ఊర్లో పాత మరువ కూలిపోతే, అన్న ఊరందరినీ కూడగట్టి, ఎండలో నిలబడి రాతితో కొత్తది కట్టించినాడు. కట్టించినాక చూస్తే వాన లేదు. ఏండ్లు గడిచినాయి. చెరువులో కంపచెట్లు మొలిచినాయి, పిల్లోళ్ళు బ్యాటూ బాలూ ఆడినారు. టీ అంగడి కాడ అన్న కనబడితే, "మీ మరువ భలే గట్టిది పెద్దాయనా, ఒక్క చుక్క దాటనీలేదు" అని నవ్వేవాళ్ళు. ఆయనా వాళ్ళతో పాటు నవ్వేవాడు. ఇంటికొచ్చినాక నవ్వేవాడు కాదు.

ఒక ఏడు శెనక్కాయ చెట్లు పీకే కాలంలో వాన పట్టుకుంది. ఎడతెరిపి లేకుండా కురిసింది. చెరువు నిండి, మరువ పారింది. సరిగ్గా అప్పుడే మా అన్న తుంటి విరిగి తాడిపత్రిలో కూతురింట్లో మంచం మీద ఉన్నాడు. ఎముక అతుక్కునింది, పట్టుకొని నడవమని డాక్టరు చెప్పినాడు. అన్న మాత్రం కాలు కింద పెట్టడం లేదు. ఊరినుంచి అందరూ ఫోన్లు చేసి, మీ మరువ బ్రహ్మాండంగా నిలబడింది అని చెప్పినారు. రోగికి చెప్పే మాటలు నాకు తెలుసులే అన్నాడు. మా తమ్ముని కొడుకు కొత్తగా కొన్న సెల్లులో మరువ ఫొటో తీసి, తాడిపత్రి దాకా పోయి చూపించినాడు. అన్న దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, "మీ అత్త కొడుకు దగ్గర నీళ్ళు పెట్టించుకొచ్చినావా?" అన్నాడంట.

ఆ సాయంత్రం నాకు అన్న ఫోన్ చేసినాడు. ఆయన గొంతు నీరసంగా ఉంది. రీలు ఉందా అని అడిగినాడు. ఉందన్నాను. పోయి తీసి, కడిగించి తీసుకురమ్మన్నాడు. రీలులో ఉన్నదే పడతాది, లేనిది పడదు అన్నాడు. మరువ తెగిపోయి ఉంటే అదన్నా తెలియనీ అన్నాడు. కడవలో చేయి పెట్టి చూసుకుంటే మిగిలింది ఒక్కటే రీలు.

మరుసటి పొద్దున బస్సు పట్టుకొని, ఆ తరువాత షేరు ఆటోలో ఊరు చేరినాను. మా తమ్ముడు శెనక్కాయల పనిమీద చేన్లో ఉన్నాడు, ఇంట్లో అతని పెండ్లాం, అంటే మా మరదలు ఉంది. సంచి ఆమె చేతిలో పెట్టి నేరుగా చెరువుకు పోయినాను. కట్ట మీద తిరనాల మాదిరి ఉంది. ఆడవాళ్ళు గంగమ్మకు పసుపు కుంకుమ, గాజులు ఇస్తాండారు. అన్నేండ్ల కరువు మురికి ఒక్కరోజులో వదిలించుకోవాలని ఊరంతా కడిగే పనిలో ఉంది. దుప్పట్లు, బొంతలు, బండి చక్రాలు, ఎద్దులు, చాపలు, ఏది కనబడితే అది తెచ్చి కడుగుతాండారు. నా చేతిలో కెమెరా చూసి పిల్లలు, పెద్దలు వరుసగా నిలబడినారు. రీలు మరువకు తెచ్చినాను, మీ మొహాలకు కాదు, జరగండి అన్నాను. జరిగినారు గానీ, నన్ను తిట్టుకునే జరిగినారు.

రీలు తీసేవాళ్ళకు నొక్కే ముందర చూడటం అలవాటవుతుంది. నొక్కితే ఒకటి పోయినట్టే. కాబట్టి కెమెరా మూత తీయకుండా మరువ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినాను. నీళ్ళు యాడ పలచగా దుముకుతాండాయి, యాడ మందంగా, రాళ్ళకు పాచి పట్టిందా, కింద మన్ను కోసుకుపోయిందా, అన్నీ చూసుకున్నాను. ఆ తరువాతే ఒక్కొక్కటి నొక్కినాను. దక్షిణం మూల కాడ ఒక రాయి సరిగ్గా కూర్చోలేదు. సందులోనుంచి నీళ్ళు పక్కకు కారతాండాయి. చీర ఎగ్గట్టి కిందికి దిగి, దగ్గరగా దాన్ని కూడా తీసినాను. మా కొడుకు ఒక్క ముహూర్తానికి లెక్కలేనన్ని తీస్తాడు. ఏమేమి తీసినావురా అంటే కంప్యూటరు చూసి చెప్తాడు. వాడి పని వాడిది.

ఇంటికొచ్చి రీలు వెనక్కి చుట్టి, డబ్బాలో వేసి, గూట్లో పెట్టినాను. మా ఇంటాయన నేర్పినట్టు రీలు కొసను నాలుక మాదిరి కొంచెం బయటికే ఉంచినాను. మరదలు తొంగిచూసి, ఫొటోలు చూపించు వదినా అనింది. ఇప్పుడే యాడ కనపడతాయే, కడగల్ల, కడిగితేనే బొమ్మలు వచ్చేది అని చెప్పి, అన్నం తిని, అలసిపోయి పడుకున్నాను.

లేచి చూస్తే గూట్లో డబ్బా లేదు. పెరట్లోకి పోయినాను. దండెం మీద బొంతలు, చీరలు, పంచెలు ఆరేసి ఉన్నాయి. వాటి మధ్య, రెండు క్లిప్పులు పెట్టి, నా రీలు నిలువునా వేలాడుతోంది. ఎండకు గోధుమ, ఊదా కలిసిన రంగుకు తిరిగింది.

"ఏం చేసినావే దీన్ని?" అన్నాను.

"నువ్వే చెప్తివి గదా వదినా, కడగల్ల అని. నేనెట్లాగూ బట్టలకు పోతాంటి. నీకెందుకు శ్రమ అని దీన్నీ మరువ నీళ్ళలో కడుక్కొచ్చినా. సబ్బు పెట్టలేదులే, ఉత్త నీళ్ళే." దండెం వైపు చూసి మళ్ళా అనింది, "ఎంత రుద్దినా బొమ్మ రాలేదు. పాత రీలు గదా, చెడిపోయినట్టుండాది."

తిట్టడానికి నోరు తెరిచినాను. ఏమని తిట్టేది? నా నోటి మాటే ఆమె చేసింది. రీలుకు వెలుతురు తగిలితే పోయినట్టేనని, మందునీళ్ళు వేరు ఈ నీళ్ళు వేరని ఆమెకు ఎవరు చెప్పినారు? అయినా నాలుగు మాటలు అన్నాను, అనకుండా ఉండలేకపోయినాను. ఆమె ఏడ్చింది. ఏడ్చి, నాకే కాఫీ పెట్టి ఇచ్చింది.

ఇంకో రీలు కళ్యాణదుర్గంలో దొరకదు. అనంతపురంలో దొరికినా, తెచ్చేలోపల మరువ ఆగిపోతుంది. అప్పటికే నీళ్ళు పలచబడతాండాయి. అన్న అక్కడ ఎదురు చూస్తాంటాడు. దండెం మీది రీలు తీసి, చుట్టి, డబ్బాలో పెట్టుకొని తాడిపత్రి బయలుదేరినాను.

వాకిట్లోనే అన్న కూతురు అడ్డం వచ్చింది. జరిగింది చెప్తే తల పట్టుకొని, ఫొటోలు బాగా పడినాయి, ల్యాబులో ఉన్నాయి అని చెప్పు అత్తా, ఆయన మనసు కుదుటపడతాది అనింది. తరువాత అడిగితే అప్పుడు చూసుకుందాం అనింది. నేను అట్లా చెప్పనన్నాను. పెద్దవాడికి తీపి మాటలు చెప్పే పని నాకు చేతకాదు.

అన్న గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. పక్కన ఉడకబెట్టిన శెనక్కాయల తట్ట, ముట్టుకున్నట్టు లేదు. తెచ్చినావా అన్నాడు. రీలు ఆయన చేతిలో పెట్టి, చెడిపోయింది, కడగల్ల అని నేనంటే మరదలు చెరువులో కడిగింది అని చెప్పినాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన రీలును కిటికీ వెలుతురుకు పట్టి చూసినాడు. ఏమీ కనపడలేదు. మెల్లగా చుట్టి నాకే ఇచ్చినాడు.

"తెలిసిందిలేమ్మా," అన్నాడు. "మరువ పోయింది. నోటితో చెప్పలేక ఇది ఎత్తుకొచ్చినావు."

అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. "నీ మనసు కోసం నేను ఎప్పుడన్నా ఒక మాట చెప్పినానా అన్నా?"

ఆయన మొహం గోడకు తిప్పుకున్నాడు. నేను తీసిన వరుసలోనే చెప్పుకుంటూ పోయినాను. ఉత్తరం చివర నీళ్ళు పలచగా, గాజు పలక మాదిరి పడతాండాయి. నడిమధ్యన మందంగా దుముకుతాండాయి, కింద బండ తడిసి నల్లగా ఉంది. రాళ్ళ మధ్య గార ఊడలేదు. కట్ట మీద పగులు లేదు. అక్కడ రెండోసారి నొక్కినాను, ఎద్దు అడ్డం వచ్చిందని.

"దక్షిణం మూల?" అని గోడతోనే అడిగినాడు.

"దక్షిణం మూల ఒక రాయి సరిగ్గా కూర్చోలేదు. సందులో నీళ్ళు పక్కకు కారతాండాయి. పని అంత బాగా చేయలేదు ఆడ."

అన్న కూతురు వాకిలి కాడనుంచి నా వైపు గుడ్లురిమి చూసింది. అన్న మాత్రం ఇటు తిరిగినాడు. తట్టలోనుంచి శెనక్కాయలు తీసి దుప్పటి మీద వరుసగా పేర్చినాడు, పొడుగ్గా, మరువ మాదిరి. "యాడ? చూపించు," అన్నాడు. ఈ చివర నుంచి చూసుకుంటూ పోయి, ఒక కాయను కొంచెం పక్కకు జరిపినాను. ఆయన దాని మీద వేలు పెట్టినాడు.

"పొద్దు గుంకేటప్పుడు పెట్టిన రాయి అది," అన్నాడు. "రేపు సరిచేద్దాంలే అంటిమి. మళ్ళా చేయలేదు. ఇది ఫోన్లో ఒక్కడన్నా చెప్పినాడా?"

కింద మన్ను కోసిందా అని అడిగినాడు. కోయలేదన్నాను. చేయి పెట్టి చూసినావా అన్నాడు. పెట్టినానన్నాను. గంగమ్మకు ఏం చీర ఇచ్చినారని అడిగినాడు. చూడలేదన్నాను. చూడాల్సినవి చూడవు అని నన్నే కసురుకున్నాడు. ఆ తరువాత కూతురిని పిలిచి, మూలన పెట్టిన నడిచే స్టాండు ఇటియ్యమన్నాడు. ఎందుకు నాయనా అనింది ఆమె.

"ఎండాకాలం లోపల ఆ రాయి కూర్చోపెట్టల్ల. మంచంలో పండుకొని చెప్తే మీ చిన్నాయన ఇంటాడా?"

ఇద్దరం చెరో పక్క పట్టుకున్నాము. లేచి నిలబడినాడు. కాళ్ళు వణికినాయి, స్టాండు వంకరగా చేసినారని దాన్ని చేసినవాణ్ణి తిట్టినాడు, మళ్ళా కూర్చున్నాడు. కూతురు దుప్పటి మీది కాయలు ఎత్తబోతే చేయి అడ్డం పెట్టినాడు. ఉత్తరం పక్క ఇంకా అడగాల్సింది ఉండాది, ఉండనీ అన్నాడు.