మీగాలి కొలత

పోయిన వారం నందిగామ బస్టాండు దగ్గర చెప్పుల షాపులో నేను స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉండగా, షాపు యజమాని నా ఎదుట నేల మీద గొంతుక్కూర్చుని, అరచెయ్యి చాచి, కాలు ఇటివ్వండి సార్ అన్నాడు. ఆయనకి నలభై అయిదేళ్ళుంటాయేమో, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి. నేను కాలు ఇవ్వలేదు సరికదా, ఇంకాస్త వెనక్కి లాక్కున్నాను.

"మొహమాటపడకండి సార్. పొద్దున్నుంచి ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో నాకే తెలీదు. నా కాళ్ళెప్పుడు పడతావని మా ఆవిడ అడుగుద్ది" అని నవ్వాడు.

అది మొహమాటం కాదు. అదేమిటో మా ప్రాంతంలో పుట్టి పెరిగిన నా వయసు వాళ్ళకి చెబితే అర్థమవుతుందేమోనని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

పట్టీల శాండల్స్ కొనుక్కోమని చెప్పింది డాక్టరుగారు. నాకు షుగరు వచ్చి పాతికేళ్ళు దాటింది. మొదట్లో అరికాళ్ళు మంటలెత్తేవి, తరువాత తిమ్మిరెక్కేవి, ఆ తరువాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని నేను నయం కావడం అనుకున్నాను. కిందటేడు ఒకరోజు జగ్గయ్యపేట బజారుకి వెళ్ళివచ్చి, గచ్చు మీద ఎర్రటి అడుగులు కనిపిస్తే ఎవరివా అని ఇల్లంతా చూశాను. నావే. రబ్బరు చెప్పు ఒరుసుకుని చిటికెనవేలి పక్కన చర్మం చీలి నెత్తురు కారుతున్నా నాకు తెలియలేదు. ఆ వేలు తీసేశారు. ఇక మీదట వేళ్ళ మధ్య పట్టీ ఉండకూడదనీ, మడమకి వెనక ఆధారం ఉండాలనీ, మీగాలి మీది పట్టీ బిగించుకోవడానికీ వదులు చేసుకోవడానికీ వీలుండాలనీ, ఇంకొక్క పుండు పడితే పాదం దక్కదనీ డాక్టరుగారు నెమ్మదిగానే చెప్పారు. అందుకని ఆ షాపుకి వెళ్ళాను.

మాది జగ్గయ్యపేటకీ నందిగామకీ నడుమ, హైవేకి కాస్త లోపలగా ఉన్న ఊరు. ఒకప్పుడు మా పొలం గట్టు తొక్కకుండా ఆ ఊరు దాటడం ఎవరికీ కుదిరేది కాదు. అదంతా ఎలా పోయిందో చెప్పుకోవడం నాకిష్టం లేదు, పోయింది. ఇప్పుడు జగ్గయ్యపేటలో రెండు గదుల అద్దె ఇల్లు. ఆ రోజుల్లో మా ఇంటి మగవాళ్ళందరూ కిర్రుచెప్పులే వేసుకునేవారు, వాటిని కుట్టేది ఊరి చివర వాడలో ఉండే ఒక పెద్దాయన. మా తాతగారికీ, నాన్నగారికీ, నాకూ కుట్టింది ఆయనే, ఆయన మా కాలు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ముట్టుకోకూడదు. అందుకని కొలత తీసుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. మేము అరుగు దిగువ చెంబెడు నీళ్ళు పాదం మీద పోసుకుని, నాపరాయి మీద గట్టిగా అడుగు వేసి, తప్పుకోవాలి. మేము నాలుగడుగులు వెనక్కి జరిగాక ఆయన వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, ఆ తడి ఆరకముందే చుట్టూ బొగ్గుతో గీత గీసి, దాని ప్రకారం తాటాకు కత్తిరించుకునేవాడు. ఎండాకాలంలో ఆయన గీత వేళ్ళ దాకా వచ్చేసరికి మడమ ఆరిపోయేది, మళ్ళీ ఒక చెంబు నీళ్ళు పోసుకోవలసి వచ్చేది. మా ఇంటి మగవాళ్ళ పాదాలన్నీ అలా తాటాకులై, ఒక దారానికి గుచ్చి, ఆయన చూరులో వేలాడుతూ ఉండేవట.

తడి అడుగులో పొడవు ఉంటుంది, వెడల్పు ఉంటుంది, ఎత్తు ఉండదు. మా ఇంటివాళ్ళ మీగాళ్ళు ఎత్తు. ఆయన అడ్డపట్టీని అందాజుగా కుట్టేవాడు, అది ప్రతిసారీ కరిచేది. మొదటి నెల నెత్తురు, తరువాత పుండు, తరువాత మీగాలి మీద నల్లగా, మొద్దుగా ఒక మచ్చ. అది కొలతలో లోపమని మాలో ఎవరికీ తోచలేదు. తోచకపోగా దాన్ని మా ఇంటి గుర్తు చేసుకున్నాం. తాతగారు నలుగురిలో కూర్చున్నప్పుడు పంచె కాస్త పైకి లాక్కుని ఆ మచ్చ కనిపించేలా కాలు ముందుకి చాపేవారు. చిన్నప్పుడు నేను కూడా నాకెప్పుడు వస్తుందా అని రోజూ సాయంత్రం మీగాలు చూసుకునేవాణ్ణి.

ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చినప్పుడు, ఉద్యోగానికి కొత్త జత ఉండాలని నాన్నగారు కబురు పంపారు. ఆయన వచ్చేసరికి నాన్నగారు ఇంట్లో లేరు. నేను నీళ్ళు పోసుకుని, రాతి మీద అడుగు వేసి తప్పుకున్నాను. ఆయన గీత గీయలేదు. బొగ్గుముక్క చేతిలోనే ఉంచుకుని, పచ్చిగా ఉన్న నా మీగాలి వైపు చూస్తూ ఉండిపోయాడు.

"బాబుగారూ, అడుగు కొలత రాయి చెబుద్ది. పైకొలత నాకెవరు చెబుతారండి? ఒక్కసారి కాలు పట్టుకోనీండి. కరవకుండా కుడతా."

అప్పుడు నా కాలు నిజంగా నొప్పెడుతోంది. ఇవ్వాలనే అనిపించింది, ఆ మాట ఇవాళ దాచుకోవలసిన అవసరం లేదు. కానీ గుమ్మంలో నానమ్మ నిలబడి ఉంది. ఆవిడ ఏమీ అనలేదు, అనవలసిన అవసరం కూడా ఆ ఇంట్లో ఉండేది కాదు. ఎప్పటి కొలతతోనే కుట్టు అన్నాను, మా తాత వయసున్న మనిషితో.

"తమ ఇష్టం. కరిచేది నన్ను కాదుగా" అన్నాడాయన, కోపం లేకుండానే, గీత గీసుకుంటూ.

ఆ జత వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాను. మధ్యాహ్నానికి పట్టీ కింద చేతిరుమాలు మడిచి పెట్టుకున్నాను. పక్క టేబులు ఆయన చూసి, విప్పి పక్కన పెట్టవయ్యా, ఇక్కడ నిన్నెవరు చూస్తున్నారు అన్నాడు. నేను విప్పలేదు. ఎవరూ చూడకపోయినా వీపు వంచకుండా కూర్చోవడమే నాకు నేర్పిన చదువు. పొలం పోతున్నప్పుడూ, ఇల్లు పోతున్నప్పుడూ అలాగే కూర్చున్నాను.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మాకు చెప్పులు కుట్టిన ఆ పెద్దాయన మా ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు తన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. కొన్నేళ్ళకి ఆయన మనవరాలు టీచరై, మొదటిరోజు బడికి వెళుతూ చెప్పులు విప్పకుండానే మా ఇంటి ముందు నుంచి నడిచింది. నానమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ అమ్మాయి నడక నాకింకా గుర్తుంది. ఆయన కాలు పట్టుకుని కొలిచి కుట్టినవి కాబోలు, ఆ చెప్పులు ఆమెకి ఎక్కడా కరవలేదు. ఆ తరువాతి ఏడు పెద్దాయన పోయాడు. ఆయన చూరులోని తాటాకులు ఏమయ్యాయో నేను అడగలేదు. ఆయన్ని ఆఖరిసారి చూడడానికి కూడా వెళ్ళలేదు.

షాపాయన ఇంకా చెయ్యి చాచే ఉన్నాడు. ఈసారి ఇచ్చాను. ఆయన నా పాదాన్ని తన తొడ మీద పెట్టుకుని, వేలు లేని చోట ఒక క్షణం ఆగి, శాండల్ తొడిగాడు. మూడు పట్టీలూ ఊడదీసి ఒక్కొక్కటే అంటించుకుంటూ వచ్చి, మీగాలి మీద మచ్చ దగ్గర బొటనవేలితో నిమిరి చూశాడు. అరవై తొమ్మిదేళ్ళలో డాక్టర్లు కాక ఇంకొక మనిషి నా పాదం అలా పట్టుకోవడం అదే మొదటిసారి. చూస్తున్నాను కాబట్టి పట్టుకున్నాడని తెలుసు. అంతే. ఆయన చెయ్యి వెచ్చగా ఉందో చల్లగా ఉందో నాకు తెలియదు.

"ఎట్టా ఉంది సార్? ఎక్కడన్నా పట్టేస్తందా?"

బాగుంది అనేద్దామని నోటి దాకా వచ్చింది. అలవాటు. కానీ ఇంకొక్క పుండు పడితే పాదం దక్కదు.

"నాకు తెలియడం లేదండి. మీరే చూసి చెప్పండి" అన్నాను.

ఆయన తలెత్తి నా మొహం చూశాడు. పట్టీ కింద తన వేలు దూర్చి, వదులు చేసి, మళ్ళీ దూర్చి, నా బదులు తానే నడిచినంత శ్రద్ధగా సర్ది, సరిపోయింది సార్ అన్నాడు. నేను నమ్మాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం శాండల్స్ విప్పి, డాక్టరుగారు చెప్పినట్టు, పాదాలు దీపం దగ్గర పెట్టుకుని చూసుకుంటున్నాను. కొత్త గాటు ఏదీ లేదు. ఆ పాత నల్లమచ్చ ఒక్కటే ఉంది. చిన్నప్పుడు రాలేదేమని దిగులుపడి వెతుక్కున్న చోటే ఇప్పుడు దాన్ని వేలితో నొక్కి చూస్తాను. ఈ కాలంలో ఎవరి కాలైనా ఎవరైనా పట్టుకుంటున్నారు, కొలత ఏ రాతినీ అడగనక్కరలేదు, పట్టీలు మనిషి ఎంత చెబితే అంతే బిగుస్తున్నాయి. నాకు చెప్పడం చేతనైన రోజున నేను నోరు మెదపలేదు. ఎంత గట్టిగా నొక్కినా ఆ మచ్చ దగ్గర ఇప్పుడు నొప్పి లేదు.