ఏసురత్నం మామ ఖాకీ ప్యాంటు

మా ఏసురత్నం మామకు ప్రభువు మీద ఎంత నమ్మకమో, ఠాణా మోహరు ముద్ర పడ్డ నకలు కాగితం మీద అంతకు రెండింతలు నమ్మకం. సికింద్రాబాదు మెట్టుగూడలో ఏం జరిగినా, ఏమీ జరగకపోయినా, మర్నాడు పొద్దున్నే దరఖాస్తు పట్టుకుని ఠాణాలో ఉండేవాడు. రైల్వేలో రికార్డు గుమాస్తా కదా, కాగితం మీదికెక్కని సంగతి జరిగినట్టే కాదని ఆయన సిద్ధాంతం.

ఒకసారి మౌలాలి గుట్ట దగ్గర మామ చెప్పు ఒకటి పోయింది. ఠాణా రైటర్ బిక్షం తల పట్టుకున్నాడు.

"ఒక్క చెప్పుకు సుత రిపోర్టా సార్?"

"రెండూ పోతే కొత్తవి కొనుక్కుంటుంటి. ఒక్కటే పోయింది, గదే పరేషాన్. రాసుకో, నకలియ్యి."

నకలంటే మాటలా? బిక్షం ఠాణా పుస్తకం ముందు పెట్టుకుని, అక్షరం అక్షరం చేత్తో దింపి, మోహరు గుద్ది ఇవ్వాలి. ఇంకోసారి కోడి పోయిందని నకలు తెచ్చుకున్నాడు మామ. ఇంటికొచ్చేసరికి కోడి గడప మీద కూర్చునుంది. అత్తయ్య సంబరంగా మసాలా నూరబోతే, "ఆగే, దొరికినట్టు సుత నకలు తేనీ!" అని మళ్లీ పరుగు.

గల్లీలో కొట్లాటయిన రోజు మరీ ఘోరం.

"బిక్షం, నేను ఆ కొట్లాటల లేనని రాసి నకలియ్యి."

"లేనోళ్ల పేర్లు రాయాలంటే సికింద్రాబాదంతా రాయాలె సార్!"

"నాదొక్కటి చాలు. తక్కినోళ్లు ఎవలది వాళ్లు తెచ్చుకుంటరు."

ఆనాటి నుంచి మామ గేటు దాటితే చాలు, బిక్షం బీరువా వెనక దూరేవాడు. "కాళ్లు కనిపిస్తున్నయ్ బిక్షం" అని మామ అక్కడే కూర్చునేవాడు.

పోలీసు యాక్షన్ అయిన కొత్తలో ఊళ్లో ఖాకీ గుడ్డ కనిపిస్తే రజాకారేమోనని అనుమానం. మా గల్లీ దర్జీ సదాశివ మిషను మీద ఖాకీ ప్యాంటు ఉందని, ఆయన్నీ ప్యాంటునీ కలిపి పోలీసులు పట్టుకుపోయారు. అది రైలు డ్రైవరు జీవరాజు డ్యూటీ ప్యాంటు. చెబుదామంటే జీవరాజు బండి తీసుకుని కాజీపేట అవతలెక్కడో ఉన్నాడు.

సదాశివ భార్య శ్యామలమ్మ నాలుగు రోజులు ఠాణా చుట్టూ తిరిగింది. ఆ పేరుగలవాడు ఇక్కడ లేడన్నారు. పుస్తకంలో పేరెక్కని మనిషిని ఎటు తరలించినా అడిగే దిక్కుండదు. రేపో మాపో లారీ ఎక్కిస్తారని పుకారు. "నా మనిషేడున్నడన్నా!" అని ఆమె మామ వాకిట్లో కూలబడింది. మామ కలం, కాగితం తీశాడు.

నేనూ వెంట వెళ్లాను. ఠాణాకు పెద్దయిన కొత్త అమీన్ మద్రాసు వైపు నుంచి వచ్చినవాడు. మామ సంగతి తెలియదు పాపం.

"సార్, కుట్టమని నా రైల్వే ఖాకీ ప్యాంటిచ్చిన. దర్జీ సదాశివ దాంతోని పరార్. రిపోర్టు రాసుకొని నకలియ్యుండ్రి."

"పరారేమిటయ్యా! వాడు మా లాకప్పులోనే ఉన్నాడు. ప్యాంటూ ఇక్కడే ఉంది!"

"అట్లనా? మంచిగైంది. గదే రాయుండ్రి."

బీరువా వెనక నుంచి బిక్షం ఎవరూ పిలవకుండానే వచ్చాడు. అమీన్ నోరు తెరిచేలోపే దర్జీ సదాశివ ఈ లాకప్పులో ఉన్నాడనీ, దొరికిన ఖాకీ రైల్వే వారిదనీ పుస్తకంలో ఎక్కించి, నకలు దింపి, మోహరు గుద్ది మామ చేతిలో పెట్టాడు. బిక్షం అంత వేగంగా రాయగలడని ఆ రోజే తెలిసింది.

అమీన్‌కు అనుమానం తగిలింది. "నీదేనా ఇది? తొడుక్కో చూద్దాం."

మామ పంచె మీదే ఎక్కించాడు. జీవరాజు నడుము కొలతది. మామలాంటివాళ్లు ఇద్దరు పట్టగా ఇంకా చోటు మిగులుతుంది. రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"కుట్టనిచ్చినప్పుడు లావుంటి సార్. నకళ్ల కోసం గీ ఠాణా చుట్టు తిరిగి తిరిగి గిట్ల చిక్కిన."

"నిజమే సార్, నేనే తిప్పిన" అన్నాడు బిక్షం, మొహంలో నవ్వు లేకుండా.

అమీన్ ఇద్దర్నీ, జారుతున్న ప్యాంటునీ చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "తీసుకుపో నీ దర్జీని! రేపు దీన్ని సరిచేయించి, తొడుక్కొచ్చి నాకు చూపించు."

బయట శ్యామలమ్మ ఏడుస్తూ మామ కాళ్ల మీద పడబోయింది. "ఏడ్సుడు తర్వాత చెల్లే! ముందు ఆయన్ని మిషన్ షురూ చేయమను. నడుం సగం కొయ్యాలె."

ఇన్నాళ్లూ ఈ మనిషిని చూసి నవ్వినందుకు నాకు సిగ్గేసింది. అయినా ఉండబట్టలేక అడిగాను. "మరి జీవరాజన్నకు ఏం చెప్తవ్ మామా?"

"ఏముంది? ప్యాంటు పోయిందని రిపోర్టియ్యమంటా. నకలు నేను తెచ్చిపెడత."