రంగు కడగకముందు పెట్టిన సంతకాలు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను నెల్లూరులో రిజిస్ట్రేషన్ శాఖ సంఘాల విభాగానికి సూపరింటెండెంటుగా వేశారు. అంతవరకు భూముల దస్తావేజుల మధ్యే బతికిన నాకు అది విశ్రాంతి పోస్టింగులా కనిపించింది. మహిళా మండళ్లు, భజన సమాజాలు, నాటక సమాజాలు, ఇలా లాభం పంచుకోని సంఘాలన్నీ అక్కడ నమోదవుతాయి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కమిటీ జాబితా మాకు పంపాలి. సమావేశం నిజంగా జరిగిందనడానికి రుజువు మినిట్స్ పుస్తకం, అందులోని సంతకాలు. సంఘం నిబంధనల్లో రాసుకున్నంత మంది, అంటే కోరానికి సరిపడా, సంతకాలు లేకపోతే ఆ సమావేశం జరగనట్టే లెక్క.

నా చేతికొచ్చిన మొదటి ఫిర్యాదు వాకాడు వైపు, సముద్రం ఒడ్డున ఉన్న ఒక నాటక సమాజం మీద. వాళ్ల రిహార్సల్ షెడ్డు ప్రభుత్వ స్థలంలో ఉంది. సమాజం పనిచేస్తున్నంత కాలం వాడుకోవచ్చని షరతు. పక్కనే రొయ్యల మేత గోడౌను ఉన్న ఒకాయన, ఆ సమాజం కాగితం మీద తప్ప ఎక్కడా లేదని రాశాడు. మినిట్స్ పుస్తకం తెప్పించి తెరిచాను. అధ్యక్షుడి సంతకం ఉండాల్సిన చోట ‘మునసబు’ అని ఉంది. కార్యదర్శి దగ్గర ‘దొంగ’. కింద వరసగా ‘పెళ్లికూతురు’, ‘కంపౌండరు’, ‘రెండో పోలీసు’. పదేళ్ల పుస్తకమంతా ఇదే తంతు. నాకు నవ్వు రాలేదు సరికదా, ఒళ్లు మండింది. ప్రభుత్వంతో వేళాకోళమా అనుకుని, ‘ఈ సమాజం ఉనికిలో లేదు’ అని ముసాయిదా రాసి జిల్లా రిజిస్ట్రారుగారి ముందు పెట్టాను. ఆయన చదివి, షెడ్డు చూశారా అని అడిగారు. చూడలేదన్నాను. చూసి రమ్మని ఫైలు తిరిగి ఇచ్చేశారు.

గొణుక్కుంటూనే నాయుడుపేటలో బస్సు మారి వెళ్లాను. రేకుల షెడ్డు, లోపల మట్టి అరుగు, వెనక పరదాలు. పాత తెరచాప గుడ్డలు కుట్టి, వాటి మీద కోటలూ వీధులూ గీశారు. కార్యదర్శి రమణమ్మ చేపల గంప దించి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది, పక్కన మరికొందరు సభ్యులు. సంతకాల సంగతి అడిగితే, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు చూసింది.

ఆమె చెప్పింది ఇది. వేటకు వెళ్లేవాళ్లు, పొలాల వాళ్లు అందరూ ఒక్కచోట దొరికేది ఏడాదికి ఒక్కరోజు, నాటకం ఆడిన రోజు. అందుకని ఆట కాగానే, రంగు కడక్కుండానే సమావేశం. రంగు ముఖాన ఉన్నంతసేపు ఎవరినీ ఊళ్లో పేరుతో పిలవకూడదని, సమాజం స్థాపించిన బడిపంతులు నియమం పెట్టాడు. భూమి ఉన్న ఆసామి, అదే భూమిలో కూలి చేసేవాడు, వల లాగేవాడు ఒకే చాప మీద కూర్చోవాలంటే ఆయనకు అంతకన్నా దారి తోచలేదట. పిలుపులో పనికిరాని పేరు సంతకంలో మాత్రం ఎందుకు? పంతులు పోయినా నియమం పోలేదు. ఈ పుస్తకం ఒకనాటికి సర్కారు చదువుతుందన్న ఊహే వాళ్లకు లేదు.

నియమం బాగానే ఉంది, ఏ ఏడు దొంగ ఎవరో నాకెలా తెలుస్తుందన్నాను. ఫిర్యాదు వచ్చాక రాసిచ్చే ప్రమాణపత్రాలకు విలువ ఉండదని కూడా చెప్పాను.

“ఈ షెడ్డు పోతే మాకు నాటకం లేదు మేడం,” అంది రమణమ్మ. “ఒకరింట్లో పెట్టుకుంటే ఇంకొకరు గడప తొక్కరు. యాడ కూర్చోబెట్టేది అందర్నీ?”

అప్పుడు హార్మోనియం వాయించే సుబ్బరామయ్య, పోలీసు కాగితాలు పనికొస్తాయా అని నెమ్మదిగా అడిగాడు. ఎప్పుడో ఒక నాటకంలో పోలీసు వేషం మీద పేచీ వచ్చిందట. అప్పటినుంచి మైకు అనుమతి కోసం పెట్టే దరఖాస్తుకు ఎవరు ఏ వేషం కడుతున్నారో జాబితా జతచేయడం అలవాటైంది. రంగు డబ్బాల పెట్టె అడుగు నుంచి నకళ్ల కట్ట తీసి ఇచ్చాడు. ప్రతి దాని మీదా స్టేషను ముద్ర, తేదీ. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. అప్పటికే నేను వాళ్ల పక్షాన ఉన్నానని ఆ క్షణంలోనే నాకు తెలిసింది.

ఒక్కో ఏడూ సరిచూసుకుంటూ వచ్చాం. ఏడో ఏడు దొంగ వేషానికి రమణమ్మ భర్త పోలయ్య పేరుంది. ఆయన ఇప్పుడు లేడు. నేను టిక్కు పెట్టబోతుంటే ఆమె ఆపింది.

“ఆ యేడు ఆయనకి జొరం మేడం. ఆ యేషం నేనే కట్టినా. సంతకం కూడా నేనే పెట్టినా.”

ఆమె చెప్పకపోతే నేను కనిపెట్టగలిగేదాన్ని కాదు. ఆమె సభ్యురాలైంది ఆ మరుసటి ఏడు. కాబట్టి ఆ సంతకం కొట్టేయక తప్పలేదు. సుబ్బరామయ్య తల పట్టుకున్నాడు. ఆ ఏటి మిగిలిన సంతకాలు లెక్కపెట్టాను. నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టాను. కోరానికి ఒకటి ఎక్కువే ఉంది. ఆ మాట పైకి చెప్పాక అందరికంటే ముందు గట్టిగా ఊపిరి పీల్చుకున్నది నేనే.

ఫిర్యాదు కొట్టివేశారు, షెడ్డు వాళ్లకే మిగిలింది. వేషం పేరు రాసుకోండి, రంగు కడుక్కున్నాక వచ్చి పక్కన సొంత పేరు కూడా రాయండి అని సలహా ఇచ్చాను. పంతులు మాట పోతుందేమోనని కొంత గునిసి ఒప్పుకున్నారు. మరుసటి ఏడు వచ్చిన నకలులో రెండు వరసలూ ఉన్నాయి. కార్యదర్శి దగ్గర ‘రెండో పెళ్లాం’, పక్కన ‘రమణమ్మ’.

నా మొదటి ముసాయిదా ఆ ఫైల్లోనే ఉంచాను, చింపలేదు. పుస్తకంలో పేర్లు తెలియనివైనంత మాత్రాన మనుషులు లేరని రాశాను. ఆ మనుషులే నాకు తెలియని తప్పు చూపించి మరీ దిద్దించారు. మిగిలిన రెండేళ్లలో, ఊరు వెళ్లి చూడకుండా ఏ ఫైలు మీదా ‘ఉనికిలో లేదు’ అని నేను రాయలేదు.