మన్ను మిగిలిన గుంట: కొండ అడుగున ఊరు వెతకబోయిన ప్రయాణం

కొండ దగ్గరికి కాపురం మార్చుకోవాలని బండి కట్టబోయేవాళ్లారా, ముందు ఇది చదవండి. చదువు రానివాళ్లు వచ్చినవాడిచేత చదివించుకుని వినండి. నేను గురువు దగ్గర కూర్చుని నేర్చినవాణ్ణి కాను. ఆవుల వెంట తిరుగుతూ ఇసుకలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. తాటాకుల గ్రంథం ఒకటి ఎప్పుడూ నా చంకలో ఉంటుంది. అన్నూరు పక్కన మా నల్లరేగడిలో రెండేళ్లు వాన ముఖం చాటేసింది. బావి అడుగున బురద కూడా ఎండి పెంకులు లేచింది. మా భజన కూటంలో పదకొండు ఇళ్లవాళ్లు నన్ను చుట్టుకుని, "సామీ, నువ్వు చూపిన చోటికి వస్తాము" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ ఆశ పెట్టింది నేనే. గోకులం విడిచి గోపకులు కొండ పక్కకు కదిలిన కథ చెప్పి, కొండనీడ దేవుడు పట్టిన గొడుగని మూడు నెలలు గొంతు చించుకున్నాను. ఊరు దొరికిందని కబురు అందగానే కదిలే మొదటి బండి నా కూతురు అలమేలుది. విధవరాలు, చంకలో ఒక బిడ్డ, వేలు పట్టుకుని ఇంకొకటి. నా మాట తప్పయితే ముందు పోయేది ఆ ముగ్గురే.

బండివాడు పొన్నప్పను మాట్లాడుకున్నాను. ఎడ్లమేత మనదే, బాడుగ దినానికి రెండు పణాలు. అన్నూరు నుంచి ధారాపురానికి మూడు దినాలు, అక్కడినుంచి పళని, వత్తలగుండు, పెరియకుళం మీదుగా పదకొండో దినం పొద్దున చిన్నమనూరు చేరాము. దారి పొడవునా చావడులున్నాయి. పణం ఇస్తే ఇద్దరికి కడుపునిండా అన్నం, పులుసు పెడతారు. వత్తలగుండు దాటాక నీళ్లు మాత్రం కుండలో మోసుకుపోండి.

కొత్తచోట నిలిచేముందు మావాళ్లు చేసే పరీక్ష మీకు తెలుసు. మూరెడు లోతు గుంట తవ్వి, ఆ మన్నే తిరిగి పోస్తాము. మన్ను మిగిలితే బతుకు మిగులుతుంది, తగ్గితే బతుకు తగ్గుతుంది. చిన్నమనూరులో ఏటికి దూరంగా, ఎండ బాగా పడే మిట్టమీద తవ్వాను. మన్ను జానెడు తగ్గింది. కింద పల్లంలో వరి కోసుకుంటున్న రైతు నవ్వి, "మా తాత తవ్వినా తగ్గే ఉంటాది సామీ, ఇసుక కలిసిన మన్ను" అన్నాడు. నేను వినలేదు. "దేవుడు వద్దన్నచోట మనిషి అవునంటే అయిపోతుందా!" అని అతనిమీద అరిచి బండెక్కాను.

ఆ మధ్యాహ్నమే ఆమడన్నర పైకి, కొండ అడుగున ఉన్న ఊత్తుపేటకు పోయాము. చేరేసరికి పొద్దు గుంకింది. ఊరి బయట కళ్లంలోనే పడుకున్నాము. పక్కన ఊటనీళ్లు గలగలమంటున్నాయి. దోమలు మాత్రం దుప్పటిలోనూ దూరి తిన్నాయి. తెల్లవారుతుండగా గుంట తవ్వాను. ఆ మన్ను చూడాలి! నలుపు, మెత్తన, కుళ్లిన ఆకు వాసన. తిరిగి పోస్తే గుంట నిండి, మోకాలెత్తు కుప్ప మిగిలింది. నేను నేలమీద పడి మొక్కాను. అప్పుడే మా అన్నూరు కుప్పయ్య మిరియాల గోతాలు మోసే పెరికె ఎడ్లు తోలుకుని కిందికి దిగుతున్నాడు. "చోటు దొరికింది, దేవుడు చూపించాడు. అలమేలును బండి కట్టమను!" అని కబురు పెట్టాను. ఆ మాటకు ముందు ఒక్క మనిషినైనా పలకరించలేదు.

మా ఆచారంలో గుంట తరువాత నిప్పు అడగాలి. ఊళ్లో ఒక ఇంటినుంచి కణికలు తెచ్చి మన మొదటి పొయ్యి వెలిగించాలి. చిప్ప పట్టుకుని వీధిలోకి పోయాను. జాము పొద్దెక్కింది. ఒక్క ఇంటిమీదా పొగ లేదు.

"సామీ, కుక్కకూడా మొరగలే. నాకు మనసు సెరిగా లే" అన్నాడు పొన్నప్ప.

"నోరు ముయ్యి. భయం అవిశ్వాసానికి చెల్లెలు" అన్నాను. అన్నానేగాని మొదటి గడప ఎక్కేముందు వెనక్కి చూసుకున్నాను.

మొదటి ఇంట్లో పొయ్యిలో బల్లి గుడ్లు పెట్టింది. రెండో ఇంటి వాకిట్లో ఎండలో ఒక మగవాడు మూడు కంబళ్లు కప్పుకుని గడగడ వణుకుతున్నాడు. నన్ను చూసి కంబళి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. అతని పళ్లు కొట్టుకునే చప్పుడు వీధి చివరిదాకా నా వెంట వచ్చింది. మూడో ఇంట్లో లచ్చక్క అనే ముసలావిడ ఉంది, మన భాషే.

"నిప్పా? ఇస్తా. ఉండేదానికి వచ్చినారా, పొయ్యేదానికి వచ్చినారా?"

"ఉండడానికే అక్కా. మన్ను మోకాలెత్తు మిగిలింది."

ఆవిడ కణికలు చిప్పలో వేస్తూ నవ్వింది. "మిగల్దా మరి! మన్నుకేం సామీ, ఈడ మనుషులే మిగల్లే. ముప్పై పొయ్యిలుండె ఈ వీధిలో, ఇప్పుడు నాలుగు. కొండకాచ్చలు, కొండజరం. వాన నిలిచినాక వస్తాది. ఒగ దినం ఒణికిస్తాది, ఒగ దినం వదుల్తాది, మళ్లీ ఒణికిస్తాది. చిన్నబిడ్డలైతే మూడో ఒణుకు చూడరు."

గ్రంథం చంకలో రాయిలా బరువైంది. చిన్నమనూరులో మన్ను తగ్గిందని గొణిగాను.

"తగ్గితే తగ్గె. మా ఊర్లో బతికినోళ్లంతా ఆడనే ఉండారు" అంది.

"రాత్రి ఇక్కడే పడుకున్నాము అక్కా. పట్టుకుంటే ఎన్ని దినాలకు తెలుస్తుంది?"

"పది, పదిహేను దినాలు చూస్కో. దాటితే నీ సామి నీ పక్కనుండాడు."

కణికలు ఆవిడ పొయ్యిలోనే తిరిగి పోసి పరుగెత్తాను. కుప్పయ్య చిన్నమనూరు దాటి దారి మారితే నా కబురును పట్టుకునేవాడు లేడు. అతని వెనకే మరణం పదకొండు ఇళ్లకు నడిచిపోతున్నట్టే అనిపించింది. పొన్నప్ప ఎడ్లను అంత కొట్టడం నేనెన్నడూ చూడలేదు. ప్రతి మలుపులో దుమ్ము లేస్తే కుప్పయ్య అనుకున్నాను, కాదు. మూడో జామున చిన్నమనూరు ఏటి రేవులో ఎడ్లకు నీళ్లు పెడుతూ కనబడ్డాడు.

"ఏంది సామీ, పొద్దున దేవుడు చూపించినాడంటివే. మద్యాన్నానికి మాట మార్చినాడా?" అన్నాడు.

చుట్టూ పెరికెవాళ్లు పకపకా నవ్వారు. నేను చెప్పిన మాటలే నాకు వాత పెట్టాయి.

"దేవుడు మార్చలేదు కుప్పయ్యా. ఆయన నోరు విప్పకముందే నేను పలికాను. అలమేలుతో చెప్పు, ఊత్తుపేట కాదు, చిన్నమనూరు మిట్ట. మన్ను తగ్గిందని కూడా చెప్పు, దాచకు."

అతను నవ్వు ఆపి, తలపాగా సర్దుకుని, ఆ మాటలు రెండుసార్లు నాకు వల్లించి ముందుకు సాగాడు.

ధారాపురం చావడిలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఊత్తుపేటలో పడుకున్న రాత్రికి నేటికి ఎనిమిదో దినం. పొన్నప్ప, నేను లేవగానే ఒకరి నుదురు ఒకరు తాకి చూసుకుంటున్నాము. గాలికి ఒళ్లు జలదరించినా ఆ ఒణుకే వచ్చిందేమోనని దినాలు మళ్లీ లెక్కపెట్టుకుంటున్నాను. నా గ్రంథం తప్పు చెప్పలేదు, కొండ పక్కకు పొమ్మని గోపకులకు చెప్పినవాడు అక్కడ గడ్డినీ నీళ్లనీ మాత్రమే చూసి చెప్పి ఉండడు. నేనే గడ్డినీ నీళ్లనీ చూసి దేవుడి పేరు పెట్టాను. నమ్మి వెంట వచ్చేవాళ్లున్నవాడికి భయం పాపం కాదు, కావలివాడి మెలకువ. ఈ ఒక్క ముక్క నేర్చుకోవడానికి అరవై ఏళ్లు పట్టింది. నేను ఇల్లు చేరినా, చేరకపోయినా బండ్లు మిట్టమీదికే పోవాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. కొత్త ఊళ్లో గుంట తవ్వేముందే నిప్పు అడగండి, అదీ జాము పొద్దెక్కాక. రెండు ఇళ్లలో పొయ్యి చల్లగా ఉంటే మన్ను ముట్టుకోకుండా బండి తిప్పండి.