సెత్తీమియా లిఫ్టు

రోములో గొయ్యి తవ్వడమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. గునపం దింపితే చాలు, ఎవడో ఒక చక్రవర్తి తగులుతాడు. పాతరాళ్ల ఆఫీసువాళ్లు వచ్చి పని ఆపించి చుట్టూ తాడు కడతారు. ఆ తాడు మనవల కాలానికి గానీ ఊడదు. అందుకే అక్కడ బుద్ధున్న మేస్త్రీ ఎవడైనా, ఏదైనా బయటపడితే ముందు గోనెపట్టా కప్పి ఆ తర్వాతే ఊపిరి పీల్చుకుంటాడు.

నాలుగో అంతస్తులో ఉండే సెత్తీమియాకి ఇదంతా తెలుసు. పెళ్లి గౌన్లు కుట్టి కుట్టి ఆవిడకి నడుము పోయింది, మెట్లెక్కి మోకాళ్లు పోయాయి. ఇప్పుడు కిటికీలోంచి బుట్ట దించితే కింద కూరలబండి ఫౌస్తో సరుకు వేస్తాడు. వాడిపోయిన ఆర్టిచోకు మొగ్గలన్నీ ఆవిడకే. చేత్తో నొక్కి చూసి, వాణ్ణి నాలుగు తిట్టి కొనుక్కునే యోగం పోయిందని ఆవిడ బెంగ. లిఫ్టు వస్తే మళ్లీ బజారుకి దిగొచ్చు. ఆ ఒక్క ఆశతో అన్ని వాటాలవాళ్ల గడ్డాలూ పట్టుకుని ఒప్పించింది.

అనుకున్నంతా అయింది. లిఫ్టు గోతిలో పాలరాతి బల్ల ఒకటి బయటపడింది. మేస్త్రీ నజ్జరేనో గోనెపట్టా కప్పేశాడు. నోరు విప్పబోమని అందరిచేతా ఒట్టు వేయించింది సెత్తీమియానే.

ఆ ఆదివారం ఎదురింటాయన ఒరెస్తే తన బాల్కనీలోకి వచ్చాడు. వాళ్ల నేలమాళిగలో ఎప్పుడో దొరికిన గోడముక్క గురించి చెప్పందే ఆయనకి అన్నం సయించదు.

"మా కింద ఉన్నది ఆ కాలపు సెనేటర్ గారి ఇల్లమ్మా. మీ బిల్డింగు కింద ఏముంటాయిలే, ఎలకలు తప్ప."

మోకాళ్లని ఓర్చుకున్న మనిషి, ఆర్టిచోకుల్ని ఓర్చుకున్న మనిషి, దీన్ని మాత్రం ఓర్చుకోలేకపోయింది.

"నీ సెనేటరు మా గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు పో. మాకు పాలరాయి పడింది, పాలరాయి! కావాలంటే వచ్చి గోనె ఎత్తి చూసుకో."

వీధి వీధంతా విన్నది. సోమవారం తాడు పడింది.

తవ్వగా తవ్వగా అది పాతకాలపు మరుగుదొడ్డి అని తేలింది. ఆ పాలరాతి బల్ల మీద పెద్దమనుషులు వరసగా కూర్చుని కబుర్లు చెప్పుకునేవారట. ఒరెస్తే కడుపు పట్టుకుని నవ్వాడు. దాన్ని చూడటానికి టూరిస్టులు ఎగబడటం మొదలయ్యాక కుళ్లుకున్నాడు. ఆవిడకి అదొక్కటే ఊరట.

ఏళ్లు గడిచాక ఆఫీసువాళ్లు నిజంగానే లిఫ్టు పెట్టారు. అద్దాల లిఫ్టు. బ్యాండు వాయించి రిబ్బను కత్తిరించారు. అది వీధిగుమ్మం దగ్గర బయలుదేరి కిందికి, మరుగుదొడ్డి దాకా వెళ్తుంది. పైకి రాదు.

"చూశావా అత్తా, ఆఖరికి నీ లిఫ్టు వచ్చింది," అన్నాడు ఫౌస్తో, బుట్ట నింపుతూ.

సెత్తీమియాకి ఏడుపొచ్చింది. బుట్ట తాడు లాగింది. ఆర్టిచోకులు వాడిపోయే ఉన్నాయి.